లీగ్‌లో ఫస్ట్ వచ్చినంత మాత్రాన మార్చిలో సీటు రాదు: కాలేజీ బాస్కెట్‌బాల్ నాకౌట్‌పై అపోహలు, వాస్తవాలు

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ ఒకేలా ఉంటాయి. "అన్నా, మనం లీగ్‌లో టాప్ కదా, ఇక ఎన్‌సీఏఏ టోర్నీకి వెళ్లినట్టే కదా?" అడిగేవాళ్లలో మా క్యాంపస్‌లో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలుంటారు, పెప్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే అమ్మాయి వాళ్ల నాన్న ఉంటారు, బాస్కెట్‌బాల్ అంటే మార్చిలోనే గుర్తొచ్చే ఆఫీసు మిత్రులుంటారు. నేను అమెరికాలో ఓ చిన్న కాలేజీ జట్టుకి స్టాట్స్ క్రూలో పనిచేస్తాను. కోర్టు పక్కన టేబుల్ దగ్గర కూర్చుని, ఎవరు షాట్ వేశారు, రీబౌండ్ ఎవరికి దొరికింది అని కాలర్ చెబుతుంటే కంప్యూటర్లో ఎక్కించడం నా పని. మాది డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీయే. కానీ పెద్ద టోర్నీకి, అంటే మార్చిలో దేశమంతటి కాలేజీ జట్లు ఆడే ఎన్‌సీఏఏ నాకౌట్‌కి, మా లీగ్ నుంచి దాదాపు ఏటా వెళ్లేది ఒక్క జట్టే. ఇక్కడి జనానికి అసలు దెబ్బ తగిలేది ఈ సంగతి తెలియకే.

అపోహ: లీగ్ పట్టికలో మొదటి స్థానంలో ఉన్నాం కాబట్టి ఆటో బిడ్ (పెద్ద టోర్నీలోకి నేరుగా దొరికే సీటు) మనదే.

కాదు. ఆటో బిడ్ లీగ్ పట్టికలో మొదటి జట్టుకి ఇవ్వరు. మార్చిలో జరిగే లీగ్ టోర్నీ గెలిచిన జట్టుకి ఇస్తారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎన్ని గెలిచినా ఆ మూడు నాలుగు రోజుల నాకౌట్‌లో ఒక్క రాత్రి ఓడితే ఆటో బిడ్ పోయినట్టే. లీగ్ ఆటల్లో టాప్ జట్టుకే సీటిచ్చే పద్ధతిని చివరిదాకా పట్టుకుని ఉన్నది ఐవీ లీగ్. 2017లో వాళ్లు కూడా టోర్నీ పెట్టేశారు.

మనవాళ్లు ఇక్కడ పొరబడటానికి కారణం నాకు తెలుసు. మనందరికీ ఐపీఎల్ అలవాటు. అక్కడ టాప్ రెండులో ఉన్న జట్టు క్వాలిఫయర్ 1 ఓడినా క్వాలిఫయర్ 2 ఉంటుంది. ఇక్కడ రెండో అవకాశం లేదు.

"మరి ఎట్-లార్జ్ బిడ్, అంటే కమిటీ ఎంచుకుని ఇచ్చే సీటు, ఉంది కదా?" అంటారు. ఉంది. 2025 లెక్కే చూస్తే మొత్తం 68 జట్లలో 31 ఆటో బిడ్‌లు, 37 ఎట్-లార్జ్. వినడానికి చాలా సీట్లున్నట్టే ఉంటుంది. కానీ ఆ 37లో అత్యధికం పెద్ద లీగ్‌ల జట్లకే పోతాయి. ఇందులో కుట్రేమీ లేదు, లెక్కే అలా ఉంటుంది. సెలెక్షన్ కమిటీ ముందు ఉండే టీమ్ షీట్‌లో ప్రతి విజయం, ప్రతి ఓటమి ఎదుటి జట్టు బలాన్ని, ఆడిన చోటుని బట్టి నాలుగు క్వాడ్రంట్లుగా విడిపోయి ఉంటాయి. క్వాడ్ 1 విజయం అంటే సొంత గడ్డ మీద నెట్ ర్యాంకు (జట్ల బలాన్ని లెక్కగట్టి ఎన్‌సీఏఏ ఇచ్చే ర్యాంకు) 1 నుంచి 30 లోపు జట్టుని ఓడించాలి, తటస్థ వేదికైతే 50 లోపు, బయట ఊళ్లో అయితే 75 లోపు. మా జిమ్‌కి టాప్ 30 జట్టు ఎందుకొస్తుంది? రాదు. గెలిస్తే వాళ్లకి ఒరిగేదేమీ లేదు, ఓడితే పరువు నష్టం. నవంబర్, డిసెంబర్ నెలల్లో వాళ్లే డబ్బిచ్చి మమ్మల్ని వాళ్ల ఊరికి పిలిపించుకుంటారు. ఆ గ్యారంటీ గేముల్లో ఎప్పుడో ఒకటి గెలిస్తే గెలిచినట్టు. ఆపైన లీగ్‌లో గెలిచేవి ఎక్కువగా తేలికైన క్వాడ్ 3, క్వాడ్ 4 ఆటలు. అవి గెలిస్తే ఎవరూ మెచ్చుకోరు, ఓడితే మాత్రం షీట్ మీద ఎర్రగా కనిపించినట్టే. చిన్న లీగ్ జట్టు 25 ఆటలు గెలిచినా కమిటీ గదిలో బలంగా కనపడకపోవడానికి కారణం ఇదే.

2024లో ఇండియానా స్టేట్ జట్టుకి జరిగింది చూడండి. 28 గెలుపులు, 6 ఓటములు. మిజోరీ వ్యాలీ లీగ్ పట్టికలో మొదటి స్థానం. నెట్ ర్యాంకు మొదటి 30లో. లీగ్ టోర్నీ ఫైనల్లో డ్రేక్ చేతిలో 84-80తో ఓడారు. ఆదివారం సాయంత్రం బ్రాకెట్ (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక) ప్రకటిస్తే వాళ్ల పేరు లేదు. ఎన్‌ఐటీకి (పెద్ద టోర్నీలో సీటు రాని జట్లు ఆడే రెండో టోర్నీ) వెళ్లారు, అక్కడా ఫైనల్ దాకా వచ్చి సీటన్ హాల్ చేతిలో 79-77తో ఓడిపోయారు. అదే మార్చిలో నార్త్ కరోలినా స్టేట్ 14 ఓటములతో ఏసీసీ అనే పెద్ద లీగ్ టోర్నీకి పదో సీడ్‌గా వచ్చి, ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి ఆటో బిడ్ పట్టుకుపోయింది. 11వ సీడ్‌గా పెద్ద టోర్నీలో అడుగుపెట్టి ఫైనల్ ఫోర్, అంటే సెమీస్, దాకా వెళ్లింది.

ఈ రెండు కథలూ విడివిడివి కావు. నార్త్ కరోలినా స్టేట్ అలా రాకపోయి ఉంటే ఏసీసీ ఆటో బిడ్ ఎలాగూ లోపలికి వచ్చే జట్టుకే పోయేది, ఎట్-లార్జ్‌లో ఒక ఖాళీ మిగిలేది. అదే ఏడాది ఆరెగాన్, డుకేన్ కూడా ఇలాగే తోసుకుని లోపలికొచ్చాయి. వీళ్లని ఇక్కడ బిడ్ స్టీలర్లు అంటారు. అందుకే బబుల్ మీద, అంటే సీటు వస్తుందో రాదో తేలని స్థితిలో, ఉన్న కాలేజీ వాళ్లు తమ ఆటలైపోయాక కూడా ఊపిరి బిగబట్టి వేరే లీగ్‌ల ఫైనల్స్ చూస్తారు. ఆ టెన్షన్ చూసినవాడిని కాబట్టి చెబుతున్నా, దాన్ని ఎవరూ ఎగతాళి చేయకండి. చివరి సంవత్సరం ఆడుతున్న కుర్రాడికి ఇక మళ్లీ అవకాశం ఉండదు.

డబ్బు సంగతికొద్దాం. మా జట్టు స్టూడెంట్ మేనేజర్లలో ఒక తెలుగబ్బాయి ఉండేవాడు. ప్రాక్టీసులో బంతులందించడం, ఆట మధ్యలో నేల మీద చెమట తుడవడం అతని పని. వాళ్ల అమ్మానాన్నలు ఏదో వెబ్‌సైట్‌లో బ్రాకెట్ అంచనా చూశారు. అందులో మా కాలేజీ పేరు 14వ సీడ్ పక్కన, ఫలానా ఊళ్లో అని స్పష్టంగా ఉంది. వెంటనే ఆ ఊరికి విమానం టికెట్లు కొనేశారు, తక్కువ ధరకొస్తున్నాయని రీఫండ్ లేనివి. హోటల్ కూడా ముందే కట్టేశారు. మేం సెమీస్‌లో, మా సొంత కోర్టులోనే ఓడిపోయాం. ఆట అయ్యాక ఆ అబ్బాయి నాన్న టేబుల్ దగ్గరికొచ్చి "మరి అందులో మన పేరు వేశారు కదండీ" అన్నారు. నాకేం చెప్పాలో తోచలేదు.

ఆయన తప్పేం లేదు. ఆ అంచనాలు వేసేవాళ్లు చిన్న లీగ్‌లకి ఒక పేరు పెట్టాలి కాబట్టి, టోర్నీ తేలేదాకా పట్టికలో ముందున్న జట్టు పేరు పెడతారు. దాని అర్థం "ఈ లీగ్ నుంచి ఎవరో ఒకరు వస్తారు" అనే తప్ప "వీళ్లే వస్తారు" అని కాదు. పెద్ద లీగ్ జట్టు పక్కన సీడ్ నంబరు కనిపిస్తే అది కొంతవరకు నిజమైన అంచనా. మా లాంటి జట్టు పక్కన కనిపిస్తే అది ఖాళీ నింపడం మాత్రమే.

చిన్న లీగ్‌లు తమ టాప్ జట్టుని కాపాడుకోవడానికి చేసేదంతా చేస్తాయి. పేట్రియాట్ లీగ్, అమెరికా ఈస్ట్ తమ టోర్నీ ఆటల్ని మెరుగైన సీడ్ ఉన్న జట్టు జిమ్‌లోనే పెడతాయి. వెస్ట్ కోస్ట్ లీగ్ ఇటీవలి ఏళ్లలో మొదటి రెండు సీడ్‌లని నేరుగా సెమీస్‌కి పంపింది. దీని వెనక లెక్క ఉంది. పెద్ద టోర్నీలో తమ జట్టు ఆడే ఆటలని బట్టి లీగ్‌కి యూనిట్లు (ఆదాయంలో వాటాలు) వస్తాయి, ఒక్కోదాని విలువ ఆరేళ్లలో విడతలుగా సుమారు 20 లక్షల డాలర్లు. కాబట్టి పెద్ద టోర్నీలో ఓ ఆట గెలవగల జట్టే వెళ్లాలని లీగ్ ఆఫీసుకీ ఉంటుంది. ఇంత చేసినా నాకౌట్ నాకౌటే. 40 నిమిషాల ఆటలో అవతలివాళ్ల త్రీ పాయింటర్లు వరసగా పడితే ఏ ఏర్పాటూ ఆపలేదు.

ఇంకో చిన్న సంగతి. లీగ్‌లో టాప్ వచ్చి లీగ్ టోర్నీ ఓడిన జట్టుకి ఒకప్పుడు ఎన్‌ఐటీ సీటైనా ఖాయంగా దక్కేది. 2024 నుంచి ఆ పాత హామీ ఎత్తేశారు. కాబట్టి "కనీసం అదైనా ఉంది కదా" అని కూడా ధైర్యం చెప్పకండి.

అపోహ: కమిటీ నుంచి కోచ్‌కి ముందే ఫోన్ వచ్చేసిందట.

ఎవరికీ రాదు. ఈ వాట్సాప్ పుకారు పుట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సెలెక్షన్ సండే రోజు సాయంత్రం టీవీలో బ్రాకెట్ చూసేదాకా కోచ్‌కీ తెలియదు, ఆటగాళ్లకీ తెలియదు. గదిలో కెమెరా పెట్టి వాళ్ల ముఖాలు చూపించేది అందుకే. కమిటీలో 12 మంది ఉంటారు, అథ్లెటిక్ డైరెక్టర్లు, లీగ్ కమిషనర్లు. తమ కాలేజీ గురించి చర్చ వస్తే ఆ సభ్యులు గది బయటికి వెళ్లాలి.

అపోహ: డేటన్‌లో ఆడే ఫస్ట్ ఫోర్ (64 జట్ల బ్రాకెట్‌కి ముందు జరిగే నాలుగు ఆటలు) అసలు టోర్నీ కాదు.

అసలు టోర్నీయే. 2011లో వీసీయూ, 2021లో యూసీఎల్ఏ ఫస్ట్ ఫోర్ నుంచే మొదలుపెట్టి ఫైనల్ ఫోర్‌కి చేరాయి.

అపోహ: 16వ సీడ్ (బ్రాకెట్‌లోని నాలుగు రీజియన్లలో ఒక్కోదాని చివరి ర్యాంకు జట్టు) వెళ్లేది ఓడిపోవడానికే.

2018లో యూఎంబీసీ 74-54తో వర్జీనియాని చిత్తు చేసింది. 2023లో ఫెయిర్లీ డికిన్‌సన్ 63-58తో పర్డ్యూని ఓడించింది. తమాషా ఏమిటంటే ఫెయిర్లీ డికిన్‌సన్ తన లీగ్ టోర్నీ కూడా గెలవలేదు. ఫైనల్లో వాళ్లని ఓడించిన మెరిమాక్ అప్పుడే డివిజన్ 2 నుంచి పైకి వస్తున్న కాలేజీ కాబట్టి పెద్ద టోర్నీకి అర్హత లేదు. అలా ఆటో బిడ్ ఓడిన జట్టుకే వెళ్లింది. నేను పైన చెప్పిన నిబంధనకి ఇదొక్కటే సందు. దీన్ని చూపించి నాతో వాదించకండి, మా లీగ్‌లో ప్రస్తుతం అలాంటి కాలేజీ లేదు.

అపోహ: పెద్ద సీడ్‌లు ఓడితే మిగిలినవాళ్లకి మళ్లీ సీడింగ్ చేస్తారు.

చేయరు. ఆదివారం గీసిన బ్రాకెట్ చివరిదాకా అదే. మీ దారిలో ఉన్న ఒకటో సీడ్‌ని ఎవరో పడగొడితే అది మీ అదృష్టం. అన్నట్టు, నాలుగు రీజియన్ల ఒకటో సీడ్‌లూ కలిసి ఫైనల్ ఫోర్‌కి చేరింది 2008లో, 2025లో మాత్రమే. ఇక 63 ఆటలూ సరిగ్గా ఊహించే బ్రాకెట్ నింపడం గురించి అడిగేవాళ్లకి: ఒకటితో మొదలుపెట్టి రెండుతో 63 సార్లు గుణించి చూసుకోండి, సాధ్యమయ్యే బ్రాకెట్లు అన్ని.

అపోహ: మెరుగైన సీడ్ వస్తే సొంత ఊళ్లో ఆడొచ్చు.

పురుషుల టోర్నీలో కుదరదు. వేదికలు ముందే ఖరారై ఉంటాయి, ఫస్ట్ ఫోర్ సంగతి పక్కన పెడితే సొంత కోర్టులో ఏ జట్టునీ ఆడనివ్వరు. ఏ జట్టు ఏ ఊరికో ఆదివారమే తెలుస్తుంది, ఆట మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఎప్పుడైనా పడొచ్చు. అందుకని రీఫండ్ ఉన్న టికెట్టే కొనండి, లేదా ఆదివారం దాకా ఆగండి. మహిళల టోర్నీ మాత్రం వేరు. అక్కడ ప్రతి రీజియన్‌లో మొదటి నాలుగు సీడ్‌లు, అంటే మొత్తం 16 జట్లు, మొదటి రెండు రౌండ్లూ తమ క్యాంపస్‌లోనే ఆడతాయి. మీ అమ్మాయి చదివే కాలేజీ మహిళల జట్టు ఆ 16లో ఉంటే విమానం టికెట్లతో పనిలేదు, ఆ వారాంతం తన దగ్గరికెళ్తే చాలు.