స్ఫటికం లోపలి దిక్కులు చూపే కాంతి

ఒకే సిలికాన్ కడ్డీ నుంచి వేరువేరు దిశల్లో కోసిన రెండు బిళ్లలకు అద్దంలా మెరుగు పెడితే, లోపలి పరమాణు తలాలు పైముఖానికి ఏ కోణంలో ఉన్నాయో కంటికి ఏమాత్రం తెలియదు. ఆ ఆనవాళ్లను పైకి తెచ్చేది ఎచింగ్, అంటే రసాయన ద్రావణంతో ఉపరితలాన్ని కొద్దిగా కరిగించడం. స్ఫటికంలో ఏ తలం ఏ దిక్కుకు ఉందో (111), (100) వంటి అంకెల గుర్తులతో చెబుతారు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో (111) తలాలు మిగతావాటికంటే ఎంతో నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి, (100) ముఖం మీద చతురస్రాకారపు గుంటలు, (111) ముఖం మీద త్రికోణాకారపు గుంటలు ఏర్పడతాయి. గుంటలు అతిసూక్ష్మమైనవే అయినా, స్ఫటికం అంతటా పరమాణువుల అమరిక ఒక్కటే కనుక వాటి గోడలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, కాంతిని కూడబలుక్కున్నట్లు ఒకే వైపుకు పంపుతాయి.

తెర మధ్యలోని రంధ్రం గుండా సన్నని లేజర్ పుంజాన్ని ఎచింగ్ చేసిన ముఖం మీదికి పంపితే, తిరిగివచ్చిన కాంతి తెర మీద పూరేకుల్లా పరుచుకుంటుంది: (111) ముఖానికి మూడు రేకులు, (100)కి నాలుగు, (110)కి రెండు. స్ఫటికం 1° వంగితే పరావర్తన కిరణం 2° తిరుగుతుంది. తెర 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆకృతి దాదాపు 1.7 సెంటీమీటర్లు జరుగుతుంది. అది రంధ్రం చుట్టూ సౌష్ఠవంగా కుదిరేదాకా స్ఫటికాన్ని వంచి, ఎంత వంచామో చదువుకుంటే చాలు.

ఇక్కడ ఒక చిక్కుంది, నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. (100) ముఖం మీది గుంటల్లో (111) గోడల వాలు 54.7°. నిట్టనిలువుగా పడిన కాంతి ఆ గోడను తాకాక పైకి రాకుండా ఎదుటి గోడకు తగిలి, రెండోసారి పరావర్తనం చెందాకే బయటపడుతుంది. రెండు అద్దాల మధ్య కోణం మారనంతవరకు, వాటికి లంబంగా ఉన్న తలంలో అలా రెండుసార్లు మళ్లిన కిరణం దిశ, అద్దాల జంటను ఆ తలంలోనే ఎంత తిప్పినా మారదు. కాబట్టి ఆ కాంతి వంపును పట్టివ్వలేదు. ఒక్కసారే పరావర్తనం చెందించే, 45° కన్నా తక్కువ వాలున్న ముఖాల మీదే ఆధారపడాలి.

1912లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త లావే, ఆయన సహచరులు చూపిన ఎక్స్‌-కిరణ వివర్తనం (పరమాణువుల వరుసలకు తగిలి ఆ కిరణాలు నిర్దిష్ట దిశల్లో చెదరడం) మీద ఆధారపడిన పద్ధతులు ఇంతకన్నా ఎంతో కచ్చితమైనవి. అయినా కడ్డీని రంపానికి ఎక్కించే ముందు సరిచూసుకోవడానికి కాంతి పద్ధతి త్వరగా, రేడియేషన్ భయం లేకుండా పని జరుపుతుంది. పైముఖానికి సమాంతరమైన (111) తలం మీద జంట స్ఫటికం, అంటే అదే అమరిక వేరే దిక్కుకు తిరిగి అతుక్కున్న భాగం, పెరిగి ఉంటే దాని మూడు రేకులు 60° తిరిగి కనిపిస్తాయి. పుంజం సరిగ్గా సరిహద్దు మీద పడితే రెండు ఆకృతులూ కలిసి ఆరు రేకులు వస్తాయి, ఆ కడ్డీలో ఏ భాగాన్ని వదిలేయాలో అక్కడే తేలిపోతుంది.