మలైకాజా డబ్బుకీ సైబర్ కేసుకీ నడుమ పాతికేళ్ల నాటి తీర్పు

నెల్లూరు ట్రంకురోడ్డులోనూ స్టోన్‌హౌస్‌పేటలోనూ దుకాణదారుల మధ్య మళ్లీ అదే చర్చ. గల్లాపెట్టె పక్కన స్కానర్ ఉంచాలా, తీసేయాలా? ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌పే కొట్టి సరుకు పట్టుకుపోతాడు. ఆ డబ్బు ఎవరినో ఆన్‌లైన్‌లో మోసం చేసి కాజేసినదైతే, రెండు నెలలకో మూడు నెలలకో ఎక్కడో వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల మాట మీద ఇక్కడి దుకాణదారు ఖాతా ఆగిపోతుంది. పోయినసారి ఈ గొడవ లేచినప్పుడు నాలుగు రోజులు మాట్లాడుకుని వదిలేశారు. ఈసారి చిన్న వ్యాపారులు లాయర్ల దాకా వెళ్తున్నారు. పోలీసులు మాత్రం ‘మేం చేసేదంతా చట్టప్రకారమే’ అంటున్నారు. ఆ చట్టం ఇక్కడిదాకా ఎలా నడిచొచ్చిందో చూడాలి.

యూపీఐ 2016లో రావడం, ఆ ఏడాది చివర్లో నోట్ల రద్దు, టీకొట్టు దాకా స్కానర్ పాకడం ఇవన్నీ తెలిసిన సంగతులే. తప్పంతా వాటి మీదకే తోసేయడం తేలిక. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద ఒక్క నెలలో యూపీఐ చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటింది. అంత పెద్ద సంఖ్యలో జరిగే చెల్లింపుల్లో దొంగ డబ్బు కొంత కలవకుండా ఎలా ఉంటుంది? అసలు మలుపు మాత్రం అక్కడ లేదు. అది 1999 సెప్టెంబరులో, స్కానర్ కాదు కదా సెల్‌ఫోన్ కూడా పెద్దవాళ్ల వస్తువుగా ఉన్న రోజుల్లో, సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో ఉంది.

తీర్పులోకి వెళ్లేముందు ఒక ఖాతా కథ. ట్రంకురోడ్డులో ఒక మిఠాయి దుకాణదారు. చెన్నై పోతూ ఆగిన కారువాళ్లు కిలో మలైకాజా, ఇంకేవో పొట్లాలు కట్టించుకుని ఆరువందల చిల్లర ఫోన్‌లో కొట్టి వెళ్లారు. ఆయనకు వాళ్ల మొహాలు కూడా గుర్తులేవు. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున పాలవాడికి డబ్బు పంపబోతే పోలేదు. నెట్ బాగాలేదనుకుని మళ్లీ కొట్టారు. పోలేదు. బ్యాంకుకు వెళ్తే మేనేజరు కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించారు: డెబిట్ ఫ్రీజ్. అంటే డబ్బు వస్తుంది, తీసుకోవడానికి మాత్రం వీల్లేదు. ‘హుండీలో వేసినట్టే అన్నా, లోపలికి పడతా ఉంది, బయటికి రాదు’ అని ఆయన చెప్పుకున్నారు. పొద్దున్నుంచి గిరాకీ కొట్టిన డబ్బంతా అదే ఖాతాలో పడుతూనే ఉంది మరి.

మేనేజరు ఒక చీటీ రాసిచ్చారు. అందులో ఫిర్యాదు నంబరు, ఉత్తరాదిలోని ఒక సైబర్ పోలీస్ స్టేషన్ పేరు, ఒక ఈమెయిల్ అడ్రసు, వివాదంలో ఉన్న మొత్తం ఉన్నాయి. ఆ మొత్తం ఆరువందల చిల్లరే. ఆగిపోయింది మాత్రం మూడు లక్షల పైచిలుకు, నెయ్యికీ చక్కెరకీ కట్టాల్సిన డబ్బు. ‘మా చేతుల్లో ఏం లేదు సార్, ఆ స్టేషన్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోండి’ అన్నారు బ్యాంకువాళ్లు. అంటే ఖాతా తెరవడానికి అభ్యంతరం లేదన్న కాగితం. మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే అవతల హిందీ, ఇవతల నెల్లూరు తెలుగు. చివరికి తేలిందేమంటే కాగితాలు పట్టుకుని స్వయంగా రమ్మంటున్నారని. అక్కడ ఆయన ముద్దాయి కాదు, సాక్షీ కాదు. ఎఫ్‌ఐఆర్ ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు 1999కి. మహారాష్ట్ర ప్రభుత్వానికీ తపస్ డి. నియోగికీ మధ్య నడిచిన కేసు. అవినీతి ఆరోపణల దర్యాప్తులో పోలీసులు ఒక అధికారి బ్యాంకు ఖాతాను ఆపారు. నేరాల దర్యాప్తూ విచారణా ఎలా సాగాలో చెప్పే చట్టం, అప్పట్లో అమల్లో ఉన్న 1973 నాటి సీఆర్‌పీసీ. అందులో 102 సెక్షన్, దొంగిలించినట్టు అనుమానం ఉన్న ఆస్తిని, నేరాన్ని అనుమానించేలా కనబడిన ఆస్తిని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చని చెబుతుంది. ఆ సెక్షన్ చదివితే కళ్లముందు మెదిలేది సైకిలు, గొలుసు, లారీ లాంటివి. చేత్తో పట్టుకుని స్టేషన్‌కు తీసుకుపోగలిగినవి. బ్యాంకు ఖాతా ఆ లెక్కలోకి వస్తుందా? దీని మీద హైకోర్టులు తలో మాట అన్నాయి. ఈ కేసులో బొంబాయి హైకోర్టు రాదంది. సుప్రీంకోర్టు వస్తుందని తేల్చింది. నిందితుడి ఖాతా అయినా, అతని బంధువుల ఖాతా అయినా 102 కింద ‘ఆస్తి’యేనని చెప్పింది.

అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. లంచాల సొమ్ము బ్యాంకుల్లో దాక్కుంటుంటే, విచారణ ముగిసేలోపు ముద్దాయి దాన్ని తీసుకుని చక్కాపోతుంటే పోలీసులు చూస్తూ కూర్చోలేరు. కానీ ఆ తీర్పుకు ఒక షరతు ఉంది. దర్యాప్తు చేస్తున్న నేరంతో ఆ సొమ్ముకు నేరుగా సంబంధం ఉండాలి. ‘నేరుగా’ అన్న ఆ ఒక్క షరతూ ఈ పాతికేళ్లలో ఎక్కడో జారిపోయింది. ఖాతా ఆస్తి అన్న సగం తీర్పే మిగిలింది.

ఇంకొకటి కూడా జారిపోయింది, అది తీర్పు కంటే పాతది. 1978లో సీఆర్‌పీసీని సవరించినప్పుడు 102కి మూడో ఉపసెక్షన్ కలిపారు. ఏ ఆస్తిని స్వాధీనం చేసుకున్నా ఆ సంగతి పోలీసు అధికారి వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలని. సైకిల్‌కు వర్తించిన ఈ నియమం, ఖాతా కూడా ఆస్తే అన్నాక ఖాతాకూ వర్తిస్తుంది. ఇందులో మినహాయింపు ఎక్కడా లేదు. మిఠాయి దుకాణదారు చేతిలోని చీటీలో మాత్రం ఏ కోర్టు పేరూ లేదు.

అయితే 1999 నుంచి ఇరవయ్యేళ్లకు పైగా ఈ లోటు సామాన్యుడికి తగల్లేదు. కారణం పోలీసుల మంచితనం కాదు, పని కష్టం. ఖాతా ఆపాలంటే దర్యాప్తు అధికారి కేసు కట్టాలి, ఖాతా ఏదో కనుక్కోవాలి, ఫలానా బ్యాంకు ఫలానా బ్రాంచికి లెటరు రాయాలి, మనిషిని పంపాలి. పెద్ద కేసుల్లోనే అంత శ్రమ పడేవారు. ఆ శ్రమే ఒక కట్టడి. చట్టంలో రాసి ఉన్న కట్టడి కంటే అదే గట్టిగా పనిచేసింది.

2021లో ఆ శ్రమ పోయింది. ఆ ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ 155260 నంబరుతో హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. అదే తర్వాత 1930 అయింది. దాని వెనక పోలీసులనూ బ్యాంకులనూ కలిపే ఒక వ్యవస్థ ఉంది. మోసపోయినవాళ్లు ఫోన్ చేయగానే ఫిర్యాదు ఆన్‌లైన్‌లో డబ్బు వెళ్లిన బ్యాంకుకు చేరుతుంది. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే బ్యాంకు దాన్ని ఆపుతుంది. వేరే బ్యాంకుకు పోయి ఉంటే ఫిర్యాదు దాని వెంట ఆ బ్యాంకుకు వెళ్తుంది. అక్కడా లేకపోతే ఆ తర్వాతి దానికి. ఇలా ఒక్కో మెట్టునూ లేయర్ అంటారు. మొదటి లేయర్, రెండో లేయర్, ఎన్నైనా.

ఈ పద్ధతిలో ఒక చిత్రం ఉంది. దొంగ తన ఖాతాలో రూపాయి ఉంచుకోడు. ఏటీఎంలో తీసేస్తాడు, లేదా క్రిప్టోలోకి మార్చేస్తాడు. అందులో కొంత ఖర్చుపెడితే అది ఎవరి దగ్గర ఖర్చుపెట్టాడో వాళ్ల ఖాతాలో పడుతుంది, అక్కడే ఉంటుంది. ఎందుకంటే వాళ్లు పారిపోయే మనుషులు కాదు, వచ్చే వారం సరుకు తెచ్చుకోవాల్సినవాళ్లు. డబ్బు వెంటపడి వెళ్లే వ్యవస్థకు డబ్బు ఉన్నచోటే చేతికి చిక్కుతుంది. నాలుగో లేయర్‌లోనో ఐదో లేయర్‌లోనో మలైకాజా అమ్మిన మనిషి తగిలేది అందుకే.

పోలీసుల వైపు వాదన తీసిపారేసేది కాదు. డిజిటల్ అరెస్టు పేరుతో, అంటే పోలీసులమని వీడియో కాల్ చేసి అరెస్టు చేశామంటూ బెదిరించి రిటైరైనవాళ్ల జీవితకాలపు పొదుపు ఊడ్చుకుపోతున్నారు. ఆ డబ్బు నిమిషాల్లో చేతులు మారుతుంది. మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చేలోగా మిగిలేది ఏమీ ఉండదంటారు. కమీషన్‌కు ఆశపడి పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ముతో సహా ఖాతాను అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకీ దుకాణదారుకీ తేడా మొదటి గంటలో ఎవరికీ తెలియదన్నదీ నిజమే. మొదటి గంట సంగతి సరే. మూడో నెలకైనా తెలియాలి కదా.

హైకోర్టులు ఈ మూడో నెల ప్రశ్న దగ్గరే పోలీసులతో విభేదించాయి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలి, ఖాతా మొత్తం కాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. మద్రాసు హైకోర్టు 2024లో అదే దారిలో నడిచింది. ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వీధిలో ఛోలే భటూరే అమ్ముకునే మనిషి ఖాతాను 105 రూపాయల కోసం ఆపేశారు. కోర్టు తెరిపించింది. ఇవన్నీ కోర్టుకు వెళ్లగలిగినవాళ్లకు దక్కిన ఊరట. నెల్లూరు మనిషి అమరావతికి వెళ్లి రిట్ వేయాలంటే లాయరు ఫీజే ఆగిన డబ్బు కంటే ఎక్కువైన సందర్భాలు ఉంటాయి. బ్రాంచి ఇక్కడే ఉంది, నష్టం ఇక్కడే జరిగింది కాబట్టి మన హైకోర్టులోనే వేయొచ్చని లాయర్లు ధైర్యం చెబుతున్నారు. కింది కోర్టుకు వెళ్లాలంటే ముందు ఏ ఊరి మేజిస్ట్రేటో తేలాలి.

పొదలకూరు నిమ్మ మార్కెట్ లాంటి చోట్ల భయం ఇంకా ఎక్కువ. అక్కడి కాయ ఢిల్లీ దాకా పోతుంది. డబ్బు పంపేది ఒక్కోసారి కొన్నవాడు కాదు, వాడి తమ్ముడో బావమరిదో. ఏ ఖాతా నుంచి వచ్చిందో వాకబు చేసి తీసుకోవడం అయ్యే పని కాదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్య పట్టే రోజుల్లో మేత డీలరు ఖాతా ఆగితే దాని మీద ఆధారపడ్డ రైతులందరికీ టెన్షనే.

ఇప్పటి తగాదా అంతా 2024 జులై 1న వచ్చిన మార్పు చుట్టూ తిరుగుతోంది. ఆ రోజు సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత 102 కాస్తా 106 అయింది. దాని పక్కనే 107 అని కొత్తది ఒకటి చేర్చారు. నేరం ద్వారా వచ్చిన సొమ్మును జప్తు చేయాలంటే దర్యాప్తు అధికారి ఎస్పీ అనుమతి తీసుకుని కోర్టుకు వెళ్లాలి. కోర్టు ఆ ఖాతాదారుకు నోటీసు ఇచ్చి 14 రోజుల్లో సంజాయిషీ అడగాలి. నేరపు సొమ్మేనని తేలితే బాధితులకు జిల్లా మేజిస్ట్రేట్ ద్వారా, అంటే కలెక్టరు ద్వారా పంచాలి. నోటీసు ఇస్తే డబ్బు మాయమయ్యే ప్రమాదం ఉందనుకుంటే అవతలి పక్షాన్ని వినకుండానే కోర్టు తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు ఇవ్వొచ్చు. పోలీసులు ఎప్పుడూ చెప్పే తొందర కారణానికి జవాబు ఆ సెక్షన్‌లోనే ఉందన్నమాట.

అయినా ఖాతాలు ఆగుతున్నది 106 పేరు మీదే. నేరపు సొమ్ము అంటున్నప్పుడు 107 దారిలోనే వెళ్లాలి, 106 సాక్ష్యాన్ని భద్రపరచడానికే అని కేరళ హైకోర్టు 2025లో చెప్పింది. నెల్లూరు లాయర్లు ఇప్పుడు ఆ తీర్పునే పట్టుకున్నారు. ఆరువందలు సాక్ష్యమైతే స్టేట్‌మెంట్ కాపీ సరిపోతుంది, మూడు లక్షలు ఎందుకని వాళ్ల ప్రశ్న. నేరపు సొమ్మైతే నోటీసేదీ అని రెండో ప్రశ్న. రెంటిలో ఒక్కదానికీ పోలీసుల దగ్గర్నుంచి సూటి జవాబు రాలేదు.

ఈలోగా వ్యవహారం ఇంకో మెట్టు ఎక్కుతోంది. మ్యూల్ ఖాతాలను, అంటే దొంగ డబ్బు దాటించడానికి వాడుకునే అద్దె ఖాతాల్లాంటివాటిని పసిగట్టే మ్యూల్‌హంటర్ డాట్ ఏఐ అనే సాఫ్ట్‌వేర్‌ను రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబరులో ప్రకటించింది. 2025 డిసెంబరు 1న డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ సుప్రీంకోర్టు, ఇలాంటి ఖాతాలను గుర్తించి ఆపడానికి ఏఐని ఎప్పటికి తెస్తారని రిజర్వ్ బ్యాంకును అడిగింది. బాధితుల వైపు నుంచి చూస్తే అడగాల్సిన ప్రశ్నే. దుకాణదారుల లాయర్లు మాత్రం 106లోని మూడో ఉపసెక్షన్ తెరిచి చూపిస్తున్నారు. ఖాతా ఆపిన సంగతి మేజిస్ట్రేట్‌కు చెప్పాల్సిన బాధ్యత అక్కడ పోలీసు అధికారి మీద ఉంది. సాఫ్ట్‌వేర్ అనుమానించి, బ్యాంకు తనంతట తానే ఆపిన ఖాతా గురించి మేజిస్ట్రేట్‌కు ఎవరు చెప్పాలో ఆ సెక్షన్ చెప్పదు.