పీక్ లోడ్‌కు వేలం: బ్రిటన్ ఫ్లెక్సిబిలిటీ మార్కెట్ల పుట్టుక

బ్రిటన్‌లో 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో చాలావాటికి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఒకటి పాడైతే లోడంతా రెండోదే మోయాలి. ఒక్కోటి సామర్థ్యం 15 ఎంవీఏ (మెగావోల్ట్-ఆంపియర్లు) అనుకుందాం. అప్పుడు ఆ ఊరి హద్దు 30 కాదు, 15. చలికాలం సాయంత్రాల్లో లోడ్ 16కు చేరిందంటే, అది ఏడాదికి కొన్ని పదుల గంటలే అయినా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సిందే. దశాబ్దాలుగా నడిచిన పద్ధతి ఇది.

ఆ కొద్ది గంటలు లోడ్ తగ్గించమని వాడకందార్లకు డబ్బివ్వడం మరో దారి. దాన్ని పట్టించుకోకపోవడంలో ఇంజినీర్ల మొండితనం కంటే లెక్కల పాత్రే ఎక్కువ. పంపిణీ కంపెనీకి పెట్టుబడి మీద రాబడి వచ్చేది, లోడ్ తగ్గించినవాడికిచ్చే డబ్బు మాత్రం ఉత్త ఖర్చు. (అక్కడి పంపిణీ కంపెనీ మన డిస్కంలా కాదు. తీగలు దానివి, బిల్లు వేసేది వేరే కంపెనీ.) 2015 ఏప్రిల్‌లో మొదలైన రియో-ఈడీ1 అనే ధరల నియంత్రణ విధానంలో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ రెండు రకాల ఖర్చులనూ ఒకే గాటన కట్టింది. అసలు మలుపు అదే. 2018 డిసెంబరులో పంపిణీ కంపెనీలన్నీ ఒక మాట ఇచ్చాయి: పెద్ద పనులు చేపట్టే ముందు మార్కెట్లో ఫ్లెక్సిబిలిటీ, అంటే అడిగిన గంటల్లో డబ్బు తీసుకుని లోడ్ తగ్గించే సేవ, దొరుకుతుందేమో చూస్తామని.

కొనుగోలు ఇలా సాగుతుంది. ఏ సబ్‌స్టేషన్ కింద, ఏ నెలల్లో, ఏ గంటల్లో, ఎన్ని మెగావాట్లు కావాలో కంపెనీ ప్రకటిస్తుంది. బ్యాటరీలవాళ్లు, విద్యుత్ కార్ల చార్జింగ్‌ను గంపగుత్తగా నడిపే అగ్రిగేటర్లు బిడ్ వేస్తారు. సిద్ధంగా ఉన్నందుకు ఒక రేటు, నిజంగా తగ్గించినందుకు మరో రేటు. ఆ సబ్‌స్టేషన్ కింద బ్యాటరీలో, కార్లో లేకపోతే బిడ్ కూడా రాదు. పక్క ఊళ్లో ఎన్ని మెగావాట్లున్నా ఇక్కడ పనికిరావు.

తగ్గింపును కొలవడం ఇంకా కష్టం. వాడని యూనిట్‌కు మీటరు ఉండదు కాబట్టి, ఇటీవలి పనిదినాల్లో అదే అరగంట సగటును 'బేస్‌లైన్'గా తీసుకుంటారు. ఆ రోజు వాడకాన్ని బట్టి దాన్ని సవరించే వెసులుబాటు ఇస్తే, పిలుపుకు (లోడ్ తగ్గించమనే ఆదేశానికి) ముందు హీటర్ పెట్టేసి బేస్‌లైన్ పెంచుకునే దారి తెరుచుకుంటుంది. పిలుపు ముగిశాక కార్లన్నీ ఒక్కసారిగా చార్జింగ్‌కు దిగితే పీక్ గంట జరుగుతుందంతే, తగ్గదు.

2022-23 చలికాలంలో జాతీయ గ్రిడ్ ఆపరేటర్ ఇళ్లను కూడా రంగంలోకి దించింది. పరీక్షలకు హామీ ధర యూనిట్‌కు 3 పౌండ్లు. 16 లక్షల ఇళ్లు, సంస్థలు చేరితే మొత్తం తగ్గింది సుమారు 3,300 మెగావాట్-గంటలు. తర్వాత హామీ ధర తీసేశారు.

జాతీయ ఆపరేటర్, పంపిణీ కంపెనీ అనే ఇద్దరు కొనుగోలుదారుల మధ్య ముడి మాత్రం విడలేదు. జాతీయ ఆపరేటర్ డబ్బిచ్చి ఒక బ్యాటరీ ఉత్పత్తి తగ్గించమంటుంది. స్థానిక లైన్లో చోటు దొరగ్గానే, పంపిణీ కంపెనీ ఆటోమేటిక్ వ్యవస్థ అంతవరకూ ఆపి ఉంచిన గాలిమరను వదిలేస్తుంది. డబ్బు ఖర్చయింది, గ్రిడ్‌లో మార్పు సున్నా. ఇలాంటి చిక్కులను తేల్చే నిబంధనలన్నీ ఒక దారికి తెచ్చే బాధ్యతను 2024లో ఆఫ్‌జెమ్, విద్యుత్ మార్కెట్ లెక్కలు తేల్చే ఎలెక్సాన్ సంస్థకు అప్పగించింది.