తాడు లేని బావి

11వ శతాబ్దం మొదట్లో ఇటలీలో, కెథెడ్రల్‌లో పాడే పిల్లవాడికి సంగీతం చదువంటే వల్లె వేయడమే. గురువు పాడతాడు, పిల్లలు అందుకుంటారు. ఏడాది పొడవునా పాడాల్సిన లాటిన్ కీర్తనలన్నీ అలాగే నోటికి రావాలి. పుస్తకాల్లో మాటల పైన చిన్న చిన్న గుర్తులు ఉండేవి. గొంతు పైకి వెళ్లాలా, కిందికి దిగాలా అన్నది వాటిని చూస్తే తెలిసేది. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చాలాసార్లు తెలిసేది కాదు. అంటే పాట ముందే వచ్చినవాడికే అవి పనికొచ్చేవి.

అరెజ్జో కెథెడ్రల్‌లో పాట నేర్పిన గ్విడో అనే సన్యాసి దీన్ని తాడు లేని బావితో పోల్చాడు. ఎన్ని నీళ్లుంటే ఏం, చూసేవాళ్లకు అందవు. నూరేళ్లు పాడినా ఈ గాయకులు గురువు లేకుండా ఒక్క చిన్న కీర్తన పాడలేరని కూడా రాశాడు. ఆ మాటల్లో నాకు పిల్లల మీద జాలే వినిపిస్తుంది.

ఆయన గుర్తుల్ని గీతల మీదికి ఎక్కించాడు. ఒక్కో గీత ఒక్కో స్వరానిది. వాటిలో ఒక గీతకు ఎరుపు, ఒకదానికి పసుపు. ఆ రెండు గీతల స్వరాల కిందే అరస్వరం దూరం, అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న దూరం వస్తుంది, పిల్లలు తడబడేదీ అక్కడే.

రెండో ఉపాయం ఇంకా అందమైనది. బాప్తిస్మమిచ్చు యోహాను మీద ఒక లాటిన్ కీర్తన ఉంది. దాని మొదటి ఆరు పాదాలు ఒక్కో మెట్టు పైనుంచి మొదలవుతాయి. ఆ పాదాల తొలి అక్షరాలే ఉత్, రే, మి, ఫా, సోల్, లా. మి, ఫా మధ్య మాత్రమే అరస్వరం. శంకరాభరణం నేర్చుకున్నవాళ్లకు గాంధారం నుంచి మధ్యమానికి ఉన్న దూరం అంటే వెంటనే తెలుస్తుంది. కొత్త పాట ఎదురైతే పిల్లవాడు ఆ స్వరం ఏ పాదం మొదట్లో ఉందో గుర్తు చేసుకుంటే చాలు. తర్వాతి తరాల గురువులు ఈ స్వరాల్ని ఎడమ అరచేతి కణుపుల మీద గుర్తుపెట్టి నేర్పారు. దానికీ గ్విడో పేరే పెట్టారు కానీ, ఆయన రాతల్లో ఆ చెయ్యి కనిపించదు.

పదేళ్లకూ అరకొరగా వచ్చే విద్య ఏడాదికో, మహా అయితే రెండేళ్లకో వస్తోందని గ్విడో రాశాడు. ఈ సంగతి విని పోప్ 19వ జాన్ ఆయన్ని రోమ్‌కు పిలిపించాడు. గ్విడో పాటల పుస్తకం తిరగేసి, పోప్ తానెప్పుడూ వినని ఒక చరణాన్ని తానే పాడేదాకా కుర్చీలోంచి లేవలేదు.