ఆ ఫైలు పాడవలేదు, అమ్మడూ

తెనాలి

చి. అమ్మడికి, చి. చిన్నోడికి,

తాతయ్య దీవెనలు. ఇక్కడ నేనూ నానమ్మా కులాసాగా ఉన్నాం.

మొన్న నేను వాట్సాప్‌లో పంపిన ఫైలు తెరిచి, "తాతయ్యా, ఇది పాడైపోయింది, మళ్ళీ పంపు" అని అమ్మడు మెసేజ్ పెట్టింది. అందులో మీకు ఏం కనిపించిందో నాకు తెలుసు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక పౌండు గుర్తు, ఒక డిగ్రీ గుర్తు, ఎక్కడో ఒక తలకిందుల ప్రశ్నార్థకం. చిన్నోడైతే ఏలియన్లు రాసిందన్నాడట. ఆ ఫైలు పాడవలేదమ్మా. అది అచ్చమైన తెలుగు. 1998లో మన డీటీపీ షాపులో నా చేతులతో కొట్టిన తెలుగు. మీకలా ఎందుకు కనబడిందో ఫోన్లో చెప్పబోతే క్లాసుకి టైమైందంటారు. అందుకే ఉత్తరం.

సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీద రేకు పెట్టెలో నల్ల బిళ్ళలు దొరికాయి, గుర్తుందా? చిన్నోడు ఒకదాని వెండి మూతను టకటకలాడిస్తూ "తాతయ్యా, సేవ్ బటన్!" అన్నాడు. ఆ బటన్ మీది బొమ్మ అప్పట్లో మేం ఫైళ్ళు దాచుకున్న ఈ ఫ్లాపీని చూసి గీసిందే. సోనీ కంపెనీ జపాన్‌లో వీటి అమ్మకాన్ని 2011 మార్చితో ఆపేసింది. బొమ్మ మాత్రం ఇంకా మీ కంప్యూటర్లో కూర్చునే ఉంది.

దాని మీద 1.44 ఎంబీ అని ఉంటుంది. లోపలి పల్చటి బిళ్ళ మీద ఒక్కో వైపు 80 వలయాలు, వలయానికి 18 ముక్కలు, ముక్కకు 512 బైట్లు. రెండు వైపులా కలిపి గుణించండి, 14,74,560 వస్తుంది. వెయ్యి లెక్కన చూస్తే ఇది 1.47 ఎంబీ, 1024 లెక్కన చూస్తే 1.41. మరి 1.44 ఎక్కడిది? ఒకసారి వెయ్యితో, ఒకసారి 1024తో భాగించారు! పచారీ కొట్టు పద్దుల్లో కూడా ఇంత కలగాపులగం నేను చూడలేదు. మీ ఫోన్లో తీసిన ఒక్క ఫోటో ఇందులో పట్టదు. మా మేటరైతే రెండు మూడు పుస్తకాలు పట్టేది.

మీరు వెళ్ళాక ఆ పెట్టె పట్టుకుని మన వీధి చివరి కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. పాత కంప్యూటర్లు, రేడియోలు, కాలిక్యులేటర్లు పోగేయడం అతని పిచ్చి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు అతని దగ్గరుంది. నేను ఆత్రంగా ఒకటి తీసి పెట్టబోతే చేయి పట్టుకుని ఆపాడు. వెండి మూత పక్కకి జరిపి లైటు కింద చూపించాడు. బిళ్ళ మీద తెల్లటి మచ్చలు. బూజు! మన కోస్తా గాలికి ఆవకాయ మీదే కాదు, ఫ్లాపీ మీద కూడా పడుతుందన్నమాట. బూజున్న డిస్కును తిప్పితే డ్రైవులో చదివే హెడ్డుకు ఆ మురికి అంటుకుంటుంది, దాని తర్వాత పెట్టే మంచి డిస్కును కూడా గీరేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో దూది పుల్ల ముంచి, బిళ్ళను వేలితో మెల్లగా తిప్పుతూ తుడిచాడు. ఒక్కోదానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత ఫ్లాపీ మూలనున్న చిన్న పలకను జరిపి అక్కడి కన్నం తెరిచాడు. ఆ కన్నం తెరిచి ఉంటే డ్రైవు చదువుతుందే తప్ప రాయలేదు. ఏళ్ళ తరబడి ఫ్లాపీలు వాడిన నాకు ఈ ముందు జాగ్రత్త ఒక్కసారీ తట్టలేదు!

ఫైళ్ళను ఒక్కొక్కటీ కాపీ చేయకుండా డిస్కు మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా లాగాడు. దానికి వాడిన ప్రోగ్రాము డీడీరెస్క్యూ. ఉచితంగానే దొరుకుతుంది. దాని తెలివి నాకు నచ్చింది. చదవలేని చోట మొండికేసి కూర్చోదు. తేలిగ్గా వచ్చేవన్నీ ముందు లాగేసి, తర్వాత తీరిగ్గా వెనక్కొచ్చి మొరాయించిన ముక్కలతో కుస్తీ పడుతుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాయమని మీకు చెబుతాం చూడండి, అదే పద్ధతి. పదకొండింటిలో ఏడు పూర్తిగా వచ్చాయి, రెండు సగం సగం. మిగతా రెండూ పోయినట్టే. మనకు కావలసింది ఆ ఏడింటిలో ఉంది.

ఇక అసలు సంగతి. మీకు తెలుగు బదులు గజిబిజి ఎందుకు కనిపించింది?

కంప్యూటర్లు రాకముందు మా నాన్నగారి ప్రెస్సులో నేను కంపోజిటర్ని. సీసపు అచ్చు అక్షరాలు గళ్ళ కేసులో ఉండేవి. ఇంగ్లీషుకు చిన్న కేసు చాలు. తెలుగుకు "క" వేరు, "కి" వేరు, "కు" వేరు, ఒత్తులు వేరు, అన్నీ కలిపి వందల గళ్ళు. నేను ఏరుకునేది అక్షరాన్ని కాదు, అక్షరం ఆకారాన్ని. "క్షీ" అంటే ఆ సీసానికి అర్థం లేదు, ఇంకు అంటితే ఒక బొమ్మ పడుతుంది, అంతే. తర్వాత టైపు లోయర్ పరీక్ష పాసవడానికి తెలుగు టైపు నేర్చుకున్నాను. అక్కడా ముక్కల అతుకులే. కొన్ని మీటలు నొక్కితే బండి కదలదు, ముందు కొట్టిన ముక్క మీదే తర్వాతి ముక్క పడి అక్షరం తయారవుతుంది.

1996లో షాపు పెట్టి కంప్యూటర్ కొన్నప్పుడు ఇక అన్నీ మారిపోయాయనుకున్నాను. లోపల జరిగింది మాత్రం పాత పనే. అప్పటి ఫాంటులో 256 గళ్ళుంటాయి. అవి ఇంగ్లీషు కోసం కట్టిన గళ్ళు. 65వ గడిలో ఇంగ్లీషు పెద్ద "ఎ" ఉండాలని ప్రపంచమంతా ఒప్పందం. మన తెలుగు ఫాంటులు చేసినవాళ్ళు ఏంచేశారంటే, ఆ గళ్ళలో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి తలకట్టునో, కొమ్మునో, గుడినో, "మ" ఒత్తునో కూర్చోబెట్టారు. కంప్యూటర్‌కు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అది ఇంగ్లీషే దాచుకుంటున్నాననుకుంటుంది. మనం ఆ ఇంగ్లీషుకు తెలుగు వేషం వేసి చూసుకుంటాం. పేజీలు కట్టే పేజ్‌మేకర్ తెరిచి, పక్కన తెలుగు కొట్టించే అను స్క్రిప్ట్ మేనేజర్ నడుపుతూ వేల శుభలేఖలు, కరపత్రాలు, శ్రద్ధాంజలి పోస్టర్లు ఇలాగే కొట్టాను. వేషం అంటే ఫాంటు. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు కాబట్టి వేషం ఊడి, లోపలి ఇంగ్లీషు బయటపడింది. మీరు చూసిన గజిబిజి అదే.

ఇంకో తిరకాసు ఏమిటంటే, ఏ గడిలో ఏ ముక్క పెట్టాలో ఏ ఫాంటు తయారుచేసినవాళ్ళ ఇష్టం వాళ్ళది. ఒక షాపులో కొట్టిన మేటరు ఇంకో షాపులో ఇంకో ఫాంటుతో తెరిస్తే "అ" ఉండాల్సిన చోట నకారపొల్లు. ముహూర్తం దగ్గరపడిన పెళ్ళివారు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెతకడం కూడా కుదిరేది కాదు. అకారాది క్రమంలో పేర్లు అమర్చమంటే ముక్కల నంబర్ల ప్రకారం పేర్చి పెట్టేది. ఓటర్ల జాబితా లాంటిదొకటి నేనూ నానమ్మా రెండు రాత్రులు కూర్చుని చేత్తో సర్దాం.

దీనికి మందు మేం షాపు పెట్టేనాటికే తయారైంది, మా దాకా రాలేదంతే. యూనికోడ్ అని ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే పెద్ద ఊరు కట్టారు. 1991లో వచ్చిన మొదటి ప్రతిలోనే తెలుగు వీధి ఉంది. 3072 నుంచి 3199 దాకా 128 ఇళ్ళు. ఒక పక్క వీధి తమిళానిది, ఇంకో పక్క వీధి కన్నడానిది. "క" ఇంటి నంబరు 3093. ప్రపంచంలో ఏ మూల, ఏ ఫోన్లో అయినా 3093 అంటే "క". అది గుండ్రంగా ఉండాలా, సాగదీసినట్టుండాలా అన్నది ఫాంటు చూసుకుంటుంది. ఫైలులో దాగేది అక్షరం, బొమ్మ కాదు. అమ్మడూ, సీసం నుంచి నా షాపు దాకా మేమంతా బొమ్మలే దాచాం. ఈ ఒక్క ముక్క అర్థమైతే నేను చెప్పేదంతా అర్థమైనట్టే.

అయితే నంబరు ఇవ్వగానే అయిపోలేదు. ఇళ్ళలోని కంప్యూటర్లు తెలుగు చూపించడం విండోస్ ఎక్స్‌పీతో 2001లో మొదలైంది. దానితోపాటు గౌతమి అనే ఫాంటు వచ్చింది. అది కూడా సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి ఎక్కించుకుంటేనే. ఆ టిక్కు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్ళపాటు నా కంప్యూటర్లో యూనికోడ్ తెలుగంటే వరసగా ఖాళీ డబ్బాలే.

ఇప్పుడు మీరిద్దరూ ఒక పని చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి "తెలుగు" అని ఒక్క మాట కొట్టండి. ఎంటర్ నొక్కొద్దు. సేవ్ చేసి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. 18 బైట్లు అని ఉంటుంది. (21 ఉంటే మీ నోట్‌ప్యాడ్ పాతది. ఫైలు మొదట్లో తన గుర్తొకటి పెట్టుకుంటుంది, దానికి మూడు.) త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు నంబర్లు, నంబరుకు మూడు బైట్లు. ఇప్పుడు ఇంకో ఫైలులో "స్త్రీ" అని కొట్టి చూడండి. ఒక్క అక్షరమే కదా? దానికీ 18 బైట్లే! స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అనుమానముంటే దాని పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కోసారే నొక్కుతూ చూడండి. దీర్ఘం పోతుంది, తర్వాత ర పోతుంది, అలా ఆరో దెబ్బకు గానీ మొత్తం చెరగదు. మా కంపోజింగులో ఉల్లిపాయ పొరల్లా ఇలా వలవడం కుదిరేది కాదు.

ఆ ఆరు నంబర్లనూ చదివి, ఒత్తు ఎక్కడ పెట్టాలో, గుడి ఎటు తిప్పాలో నిర్ణయించే పనివాడు మీ ఫోన్లో ఒకడున్నాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అతని పేరు హర్ఫ్‌బజ్. పారశీక మాట. హైదరాబాద్‌లో మీ పక్కింటి ఉర్దూ మాట్లాడే పిల్లల్ని అడగండి, హర్ఫ్ అంటే అక్షరమని చెబుతారు. నేను కేసు ముందు నిలబడి చేసిన కంపోజిటర్ పనే అతనిదీ. కాకపోతే నాకు సాయంత్రానికి కాళ్ళు లాగేవి.

ఈ పని ఎంత సున్నితమైందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసొచ్చింది, అదీ మన అక్షరం వల్లే. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు, చివర దీర్ఘం. "జ్ఞానం"లోని మొదటి అక్షరమే, మధ్యలో ఆ కనపడని గుర్తు ఇరుక్కుందంతే. ఈ వరసను చూడగానే ఐఫోన్లలోని యాప్‌లు మూసుకుపోయేవి. మెసేజ్‌లో వస్తే మెసేజ్‌ల యాప్ మూత. తెరవబోతే మళ్ళీ మూత. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ వచ్చి సరిచేసింది. తెలుగంటే ఎక్కడుందో తెలియని వాళ్ళు కూడా ఆ వారం మన లిపి గురించి మాట్లాడుకున్నారు. నాకు నవ్వొచ్చింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు. ఆ కనపడని గుర్తు చెడ్డదేం కాదు. ఈ ఉత్తరంలో "నోట్‌ప్యాడ్" అని రాశాను చూడండి, "ట" పొల్లుకీ "ప"కీ మధ్య అదుంది. లేకపోతే "ప" వెళ్ళి "ట" కింద ఒత్తై కూర్చుంటుంది.

మా షాపు పద్ధతిని చిన్నచూపు చూడకండేం. శుభలేఖలు వేసే షాపుల్లో ఇప్పటికీ ఆ పాత ఫాంటులే నడుస్తున్నాయి. అక్షరానికి వంపులూ సొంపులూ కావాలంటే వాటిలో ఉన్నన్ని రకాలు వేరే చోట దొరకడం కష్టం. పైగా ఆపరేటర్ల చేతులు ఆ కీబోర్డుకు అలవాటు పడిపోయాయి. కాగితం మీద పడ్డాక బొమ్మే కదా మిగిలేది. చిక్కల్లా దాచుకోవడంలోనే.

మన ఫైలుకు ఏ ఫాంటు వాడానో అదృష్టవశాత్తూ షాపు డైరీలో రాసి ఉంది. పాత ఫాంటు మేటరును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఏ ముక్క ఏ అక్షరానిదో పట్టిక పెట్టుకుని, ముక్కల్ని కలిపి నంబర్లు రాస్తాయి. ఒత్తుల దగ్గర అవి తడబడటం మామూలే. అందుకని కూర్చుని ప్రూఫు దిద్దాను.

అందులో ఉన్నది మీ నాన్న ఏడో తరగతిలో రాసిన చింతచెట్టు దెయ్యం కథ. స్కూలు పత్రికలో వేస్తారంటే షాపులో నేనే కొట్టిచ్చాను. ఒక్క అక్షరం కూడా మార్చకూడదని నా కుర్చీ పక్కన నిలబడి కాపలా కాశాడు. ఇప్పుడు కన్వర్టర్లోంచి వచ్చిన మేటరులో కథ పొడుగునా "దెయ్యం" అని ఉండాల్సిన చోటల్లా "దెయం" అని ఉంది. యకారపు ఒత్తును కన్వర్టర్ మింగేసిందని తిట్టుకున్నాను. అనుమానం వచ్చి, పాత ఫాంటు ఎక్కించి అసలు ఫైలు తెరిచి చూశాను. అక్కడా ఒత్తు లేదు. కన్వర్టర్ నిర్దోషి.

కొత్త ఫైలు ఈ సాయంత్రం పంపుతాను. ఈసారి తెలుగులోనే కనిపిస్తుంది. నాన్న ఆఫీసు నుంచి వచ్చేలోపు ఇద్దరూ చదివేయండి.

ఇట్లు,
తాతయ్య