రాత్రి సిస్టరు, పొద్దుటి సిస్టరు

మానసిక వైద్య వార్డులో రాత్రి పదకొండయింది. ఇరవై మూడేళ్ళ అమ్మాయి నర్సుల బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "సిస్టర్, ఇంత పెద్ద హాస్పిటల్లో నన్ను అర్థం చేసుకున్నది మీరొక్కరే. పొద్దున వచ్చే ఆవిడకి నేనంటేనే పడదు" అంది. నైట్ డ్యూటీ సిస్టరు మనసు కరిగింది. రూలు ప్రకారం తొమ్మిదింటికే తీసుకుని లోపల పెట్టాల్సిన ఫోన్‌ని ఇంకాసేపు ఉంచుకోమంది. తెల్లారి డ్యూటీకొచ్చిన సిస్టరు ఆ ఫోన్ అడిగేసరికి పెద్ద గొడవ. మధ్యాహ్నానికల్లా ఇద్దరు నర్సులూ ఒకరి మీద ఒకరు కారాలు మిరియాలు నూరుతున్నారు. వారం తిరిగేసరికి రాత్రి సిస్టరు కూడా చెడ్డదైపోయింది. ఆవిడ చేసిన నేరమల్లా రెండు రోజులు సెలవు పెట్టడం.

ఇది నేను అల్లిన సన్నివేశమే. అయితే అలాంటి వార్డులో కొన్నాళ్ళు పనిచేసిన నర్సుకి వినిపించండి, "ఇందులో అల్లడానికేముంది" అంటుంది.

ఆ అమ్మాయి జబ్బు పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. వ్యక్తిత్వ సమస్యలు చాలా రకాలున్నాయి. ఊరికే అనుమానపడేవాళ్ళు, ఎదుటివాళ్ళ బాధ పట్టనివాళ్ళు, మనుషులంటేనే బెదిరి దాక్కునేవాళ్ళు ఉంటారు. కానీ వార్డుల్లో నర్సులకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం బోర్డర్‌లైనే. పేరు చూసి "కొంచెం జబ్బు, అంతే" అనుకోకండి. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికన్ వైద్యుడు ఈ మాట వాడినప్పుడు, ఇటు మామూలు ఆందోళన జబ్బుల్లోనూ అటు తీవ్రమైన మతిభ్రమణంలోనూ ఇమడకుండా సరిహద్దు మీద నిలబడ్డ రోగులని ఆయన ఉద్దేశం. ఆ సరిహద్దు సిద్ధాంతం పోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఈ మనుషుల్లో ఉద్వేగం పాలపొంగులా లేస్తుంది, చల్లారడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. దగ్గరివాళ్ళు వదిలేసి పోతారన్న భయం ఎప్పుడూ లోపల కాగుతూనే ఉంటుంది. ఫోన్ ఎత్తకపోయినా, డాక్టరు రౌండ్స్ ఆలస్యమైనా, అది వదిలేసినట్టే తోస్తుంది. ఆ బాధ భరించలేక తమకు తాము హాని చేసుకునేవాళ్ళు చాలామంది. కొంత పుట్టుకతో వచ్చిన స్వభావం, కొంత పెరిగిన పరిస్థితులు కలిసి దీన్ని తయారుచేస్తాయి. చిన్నప్పుడు నిర్లక్ష్యానికో వేధింపులకో గురైనవాళ్ళు వీళ్ళలో ఎక్కువే. అలాగని ప్రతి కేసులోనూ తల్లిదండ్రుల్ని బోనెక్కించడం తప్పు.

అన్నిటికన్నా నర్సును తికమక పెట్టేది మరొకటుంది. ఒకే మనిషిలో మంచీ చెడూ కలిసి ఉంటాయన్న సంగతి, ఉద్వేగం పొంగినప్పుడు వీళ్ళ మనసుకు అందదు. ఎదుటి మనిషి దేవతైనా కావాలి, రాక్షసైనా కావాలి. దీన్నే స్ప్లిటింగ్ అంటారు. రాత్రి సిస్టర్ని ఆకాశానికెత్తినప్పుడు ఆ అమ్మాయి నాటకమాడటం లేదు, ఆ క్షణానికి అది ఆమెకు అక్షరాలా నిజం. తర్వాత కలిగిన ద్వేషమూ అంతే నిజం.

స్ప్లిటింగ్‌ని రోగి లక్షణంగానే చెప్పి ముగించేయొచ్చు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. లండన్ శివార్లలోని కాసెల్ హాస్పిటల్లో టామ్ మెయిన్ అనే సైకియాట్రిస్టు ఉండేవారు. అక్కడ రోగుల్ని శాంతపరచడానికి ఇచ్చే మత్తుమందుల వాడకం గురించి నర్సులతో కూర్చుని విడమరిచి మాట్లాడుకున్నప్పుడు ఒక చేదు నిజం బయటపడింది. కారణంగా కేస్ షీట్లో ఏం రాసినా సరే, నర్సు మత్తుమందు ఇచ్చేది తన ఓర్పు అయిపోయిన నిమిషంలోనే. మందు పుచ్చుకునేది రోగి, ఉపశమనం నర్సుకి! ఆ తర్వాత, వార్డును అతలాకుతలం చేసిన పన్నెండు మంది రోగుల కథల్ని అదే బృందం తిరగదోడింది. ఆ రోగుల విషయంలో "ఈమెను అర్థం చేసుకోగలిగింది నేనే" అనుకున్న సిబ్బంది ఒక వర్గమయ్యారు, "గారాబం చేసి చెడగొడుతున్నారు" అన్నవాళ్ళు ఇంకో వర్గం. మెయిన్ దీన్ని 1957లో ప్రచురించారు.

అంతకు మూడేళ్ళ ముందు అమెరికాలో, మేరీల్యాండ్‌లోని చెస్ట్‌నట్ లాడ్జ్ ఆసుపత్రిని పరిశీలించిన స్టాంటన్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. ఒక రోగి విపరీతంగా రెచ్చిపోయినప్పుడు ఆరా తీస్తే, ఆ రోగి గురించి సిబ్బందిలో ఇద్దరి మధ్య పైకి రాని విభేదం ఉండేది. ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే రోగి శాంతించేవాడు. అమ్మానాన్నల మధ్య మాటల్లేని ఇంట్లో పిల్లాడికి జ్వరం వచ్చినట్టు!

అందుకే ఈ జబ్బులో అతి ముఖ్యమైన వైద్య పరికరం షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి రోగుల సంగతులు అప్పజెప్పే ఆ పది నిమిషాల హ్యాండోవరేనని నాకనిపిస్తుంది. ఫోన్ ఎప్పుడివ్వాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఏది కుదరదు అన్నవి అందరూ ఒకే మాటగా చెప్పాలి, రోగికి ముందే తెలియాలి. "ఆవిడ నన్ను తిట్టింది" అని రోగి చెబితే ఆవిడను వెనకేసుకు రాకూడదు, రోగితో కలిసి ఆవిడను ఆడిపోసుకోనూ కూడదు. "మీకు బాధేసింది, ఆ మాట ఆవిడతోనే చెబుదాం, కావాలంటే నేను పక్కనుంటాను" అంటే చాలు. ఇక తన లోపల జరిగేది కూడా నర్సు గమనించుకోవాలి. ఒక రోగిని చూస్తే చిరాకు ముంచుకొస్తోందా? లేదా సొంత ఫోన్ నంబరు ఇచ్చేద్దామన్నంత జాలి కలుగుతోందా? రెండూ బీపీ రీడింగులాంటివే. సిగ్గుపడి దాచుకోకుండా హెడ్ నర్సుతో చెప్పుకోవాలి.

చెప్పుకోకపోతే ఆ చిరాకు ఇంకో దారిలో బయటికొస్తుంది. 1989లో కెనడాలో రూత్ గాలప్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఊహాజనిత రోగులు అన్న మాటలకు ఎలా స్పందిస్తారని నర్సుల్ని అడిగారు. రోగికి స్కిజోఫ్రీనియా అనే మతిభ్రమణ జబ్బు ఉందంటే జవాబుల్లో సానుభూతి కనిపించింది. బోర్డర్‌లైన్ అనగానే తీసిపారేసే ధోరణి పెరిగింది. మన దగ్గర క్యాజువల్టీలో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళని "అటెంప్ట్ కేసు" అంటూ ఆ మాట పలికే తీరులో ఆ ధోరణి వినిపిస్తూనే ఉంటుంది. "వేషాలు" అన్న మాట కూడా. బ్రిటన్‌లో 2004లో వెలువడిన అధికారిక మార్గదర్శకాలు, తమను తాము గాయపరచుకున్నవాళ్ళకు కుట్లు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా సరిపడా మత్తు ఇవ్వాలని విడిగా రాయాల్సి వచ్చింది. ఇంత మామూలు విషయాన్ని ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచిస్తే కడుపు తరుక్కుపోతుంది.

గాయం కట్టే నర్సు ఉపన్యాసం ఇవ్వకూడదు, మరీ గారాబం చేసి గాయాన్ని ప్రేమకు టిక్కెట్టుగా మార్చనూ కూడదు. ప్రశాంతంగా, శుభ్రంగా కట్టు కట్టాలి. తర్వాత కూర్చుని, దానికి ముందు ఏం జరిగింది, ఆ ముందు ఏమనిపించింది అని ఒక్కొక్క మెట్టే వెనక్కి అడగాలి. ఇది అమెరికాలోని సియాటిల్‌లో మార్షా లైన్‌హాన్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన చికిత్సలోని పద్ధతి. 1991లో ఆమె ప్రచురించిన ప్రయోగంలో స్వీయహాని తగ్గింది, ఆసుపత్రిలో గడిపే రోజులూ తగ్గాయి. బాధ నిజమేనని ఒప్పుకోవాలి, ఆ బాధతో చేసే పనిని మార్చుకోవడం నేర్పాలి. ఆ రెండూ ఒకేసారి జరగాలంటారామె. 2011లో ఆమె ఒక విషయం బయటపెట్టారు. 1961లో, పదిహేడేళ్ళ వయసులో, తానూ ఇలాంటి రోగిగానే ఆసుపత్రిలో చేరి 26 నెలలు గడిపానని.

ఈ జబ్బుకంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. నిద్రకో, తోడైన డిప్రెషన్‌కో మందులిస్తారు. మరి బాగవుతారా అంటే, అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో చేరిన 290 మందిని మేరీ జనారిని బృందం ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో 93 శాతం మందికి జబ్బు లక్షణాలు కనీసం రెండేళ్ళపాటు వదిలిపోయాయి. ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా నిలదొక్కుకున్నది మాత్రం సగం మందే. ఈలోగా ఆత్మహత్య ప్రమాదం ఉంటుంది కాబట్టి "ఊరికే బెదిరిస్తోంది" అనుకోవడం చాలా ప్రమాదకరం. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటోంది, శిక్షించడం కాదు ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అంటోంది. ఇంట్లో ఎవరైనా అలాంటి స్థితిలో ఉంటే టెలి మానస్ నంబరు 14416కి రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు.

మళ్ళీ మన వార్డుకొద్దాం. ఆ రాత్రి సిస్టరు సెలవు పెట్టడం తప్పేం కాదు. చెప్పకుండా వెళ్ళడం వల్లే వచ్చింది చిక్కంతా. ముందురోజే అమ్మాయి మంచం దగ్గర కూర్చుని, "రేపూ ఎల్లుండీ నాకు సెలవు. నా బదులు వచ్చే సిస్టరుకి నీ సంగతులన్నీ చెప్పి వెళ్తాను. గురువారం రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ వస్తాను" అని ఉండాల్సింది. అమ్మాయి మొహం తిప్పుకోవచ్చు, "అందరూ ఇంతే" అనొచ్చు. అననివ్వాలి. గురువారం ఎనిమిదింటికల్లా మాత్రం వార్డులో ఉండాలి.