రీఫ్ ట్యాంక్‌లో గోధుమ రంగు పాచి ఎవరిది?

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మీద గోధుమ రంగు పొర కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. చేపలకు మేత తగ్గిస్తారు, ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వేస్తారు, నీళ్లు మార్చేస్తారు. రాళ్ల మీద పెరిగే పచ్చటి వెంట్రుకల నాచుకైతే ఈ పథ్యం బాగా పనిచేస్తుంది. గోధుమ రంగు పాచికి ఒక్కోసారి ఇదే ఆయువు పోస్తుంది.

ఆ రంగు వెనక వేర్వేరు జీవులుంటాయి మరి. కొత్త ట్యాంక్‌లో తొలి వారాల్లో వచ్చేవి సాధారణంగా డయాటమ్‌లు. సిలికాతో పెంకు కట్టుకునే ఏకకణ జీవులివి. పొర పొడిపొడిగా ఉంటుంది, చేత్తో నీటిని కదిపితే లేచిపోతుంది. నీళ్లలో సిలికేట్ అయిపోతే అవీ తగ్గిపోతాయి. నెలలు గడిచినా తగ్గలేదంటే నీళ్లను అనుమానించాలి. రాతినేల బోరు నీళ్లలో సిలికా కరిగి ఉంటుంది. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుళికలు కూడా పెట్టాల్సిందే. ఆ రెజిన్ అరిగిపోతున్నప్పుడు ముందుగా జారుకునేది సిలికానే, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో అంకె ఇంకా పెరగకముందే.

రెండో రకం సయనోబాక్టీరియా. నిజానికి ఇది నాచు కాదు, కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా. ఎక్కువగా ముదురు ఎరుపులో, కొన్నిసార్లు గోధుమ రంగులో ఉంటుంది. ట్యూబుతో లాగితే దుప్పటిలా పొరపొరగా ఊడి వస్తుంది. లాగేసి, ఆ మూల నీటి ప్రవాహం పెంచి, అడుగున పేరుకున్న మడ్డి తీసేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది.

అసలు తలనొప్పి మూడోది, డైనోఫ్లాజెల్లేట్‌లు (డైనోలు) అనే ఏకకణ జీవులు. చీమిడిలాంటి తీగలు, వాటి కొసన గాలి బుడగలు. మధ్యాహ్నానికి దట్టంగా కమ్ముకుని, లైట్లు ఆరాక పలచబడతాయి. వీటిలో విషపూరితమైనవీ ఉన్నాయి. పాచి తినాల్సిన నత్తలే చచ్చిపోతుంటే వీటిని అనుమానించాలి.

నిర్ధారణకు ఇంట్లోనే ఓ పరీక్ష ఉంది. కొంచెం పాచిని ట్యాంక్ నీళ్లతో సీసాలో పోసి గట్టిగా గిలక్కొట్టి, కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, ఆ తేట నీటిని గంటసేపు లైటు కింద ఉంచండి. మళ్లీ తీగలు కట్టిందంటే డైనోలే కావచ్చు. పక్కాగా తెలియాలంటే మైక్రోస్కోప్ కావాలి, 400 రెట్లు చూపించే మామూలుది చాలు. డైనోల్లో కన్నీటి చుక్క ఆకారంలో, కట్టేసినట్టు ఒకే చోట గిరగిరా తిరిగే రకం ఆస్ట్రియాప్సిస్. ఇసుక రేణువుల మధ్య నిదానంగా జారుతూ పోయేది ఆంఫిడీనియం.

పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయి, పోటీకి వచ్చే మిగతా సూక్ష్మజీవులు చచ్చిన ట్యాంక్‌లోనే డైనోలు తరచుగా రెచ్చిపోతాయి. మేత మాన్పించడమంటే ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. నైట్రేట్‌ను 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్‌ను 0.05 నుంచి 0.1 దాకా పెంచి నిలపాలి. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపానికి దొరుకుతుంది. ఇసుక వదలని పెద్ద కణాల ఆంఫిడీనియం రకానికి యూవీ దండగ. దాని మీదకు సోడియం సిలికేట్ వేసి మరీ డయాటమ్‌లను పోటీగా ఉసిగొల్పుతారు. నాకైతే ఈ అభిరుచి మొత్తంలో ఇంత తమాషా వైద్యం ఇంకోటి కనబడదు.

ట్యాంక్‌లో పెరిగే మిగతా నాచులు చూడగానే తెలిసిపోతాయి. ఈకలా కొమ్మలు వేసే బ్రయాప్సిస్‌కు ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ పనిచేస్తుంది. గోళీల్లా మెరిసే వాలోనియాలో ఒక్కో బుడగా ఒకే కణం. చిట్లకుండా మొదలుకంటా పెకలించాలి. రాయిని బయటకు తీసి బ్రష్‌తో రుద్దేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. శుభ్రం చేద్దామని రాయిని మరిగించడం మాత్రం వద్దే వద్దు. దాని మీద జోయాంథిడ్ పగడాలుంటే వాటిలోని పాలీటాక్సిన్ అనే భయంకర విషం ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.